ఉదయగిరి చెక్క గరిటెల కేటలాగు: నెలకు 500 రూపాయల ఏఐ ఖర్చుతో పని డైరీ

పని ఇదీ. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చేసే ఒక డ్వాక్రా సంఘానికి 24 రకాల సరుకుతో కేటలాగు కావాలి. రకానికి రెండు ఫోటోలు, నాలుగు వరుసల వివరం, కొలత, ధర. దాంతోపాటు 3×2 అంగుళాల లేబులు, స్టాలుకు 6×3 అడుగుల ఫ్లెక్సీ, వాట్సాప్‌లో అడిగేవాళ్ళకు పంపడానికి పది సిద్ధ జవాబులు. చేతిలో ఉన్నవి ఒక ఆండ్రాయిడ్ ఫోను, 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న పాత కంప్యూటరు. ఏఐ ఖర్చు నెలకు 500 దాటకూడదు. ప్రింటు ఖర్చు వేరే ఖాతా.

రోజు 1. లెక్కలు

ముందు సంఘంలో ఎవరి సిమ్‌కు ఏ ఏఐ ఆఫరు ఉందో చూశాం. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో జియో, గూగుల్ కలిసి జెమినై ప్రో ప్లానును 18 నెలలకు ప్రకటించాయి, మొదట 18 నుంచి 25 ఏళ్ళవాళ్ళకు. ఛాట్‌జీపీటీ గో 2025 ఆగస్టులో నెలకు 399 రూపాయలతో వచ్చింది. నవంబరు 4 నుంచి ఆఫరు కాలంలో చేరినవాళ్ళకు ఏడాది ఉచితం చేశారు. ఇలాంటివి వస్తుంటాయి, పోతుంటాయి. అందుకే మైజియో, ఎయిర్‌టెల్ థాంక్స్ యాప్‌లు తెరిచి చూడకుండా ఏదీ కొనకూడదు. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వాళ్ళ ఫోన్లో ఇప్పటికే ఏదో ఒకటి ఉండి ఉంటుంది.

ఉచితంలో ఉన్న మెలిక ఆటోపే. కొన్నిటికి చేరేటప్పుడే కార్డో యూపీఐయో అడుగుతారు, గడువు తీరగానే డబ్బు దానంతటదే పోతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కోతకు 24 గంటల ముందు సమాచారం రావాలి. అయితే 15,000 లోపు మొత్తానికి మళ్ళీ ఓటీపీ అడగరు. ఆ ఎస్సెమ్మెస్ వంద ప్రకటనల మధ్య వస్తే ఎవరు చూస్తారు? చేరిన రోజే యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, ఆ మ్యాండేటును (డబ్బు కోసుకునే అనుమతిని) ఆపేసి, గడువు తేదీని గోడ క్యాలెండరు మీద రాశాం.

బొమ్మలకు నెలవారీ ప్లాను తీసుకోలేదు. వాడినంతకే కట్టే ఏపీఐ పద్ధతిలో జెమినై 2.5 ఫ్లాష్ ఇమేజ్ అనే బొమ్మల మోడల్ అప్పట్లో ఒక బొమ్మకు 0.039 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన మూడున్నర రూపాయలు, పన్ను అదనం. 24 రకాలకు రెండేసి చొప్పున 48 బొమ్మలు, ఒక్కోదానికి నాలుగు ప్రయత్నాలు అనుకుంటే 192 బొమ్మలు, 672 రూపాయలు. బడ్జెట్ దాటింది. దీనికి దారి రోజు 8లో దొరికింది.

రోజు 2. గరిటెను గీయించబోయి మానుకున్నాం

ఫోటో తీసే పనే లేకుండా మాటలతో గరిటె బొమ్మ పుట్టిస్తే సరిపోతుందేమోనని మొదటి ఆలోచన. రెండు ఉచిత సాధనాల్లో ఇరవై ప్రయత్నాలు చేశాం. ‘గరిటె’ అంటే స్టీలు గరిటె ఇచ్చింది. ‘చెక్క గరిటె’ అంటే విదేశీ వంటగదిలో ఉండే సాదా తెడ్డు. పిడి మీద జాలీ చెక్కడం అడిగితే జాలీ వచ్చింది కానీ దాని కన్నాలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. నాలుగు పళ్ళ ఫోర్కు అడిగితే ఒకసారి మూడు, ఒకసారి అయిదు. ఈ సాధనాలు లెక్కపెట్టవు. ఫోర్కు ఎలా ఉంటుందన్న అంచనా మీద చుక్కలు పరుస్తాయి, అంతే.

అసలు అభ్యంతరం వేరే. పుట్టించిన బొమ్మలోని గరిటె సంఘం దగ్గర లేదు. కొన్నవాళ్ళకు చేరేది ఇంకొకటి. పార్సిలు వెనక్కి వస్తే పోనూ రానూ కొరియరు ఛార్జీ గరిటె ధరను మింగేస్తుంది. కాబట్టి నిర్ణయం: వస్తువు ఎప్పుడూ ఫోటోయే. ఏఐ చెయ్యి పడేది వెనక దృశ్యం మీద, మాటల మీద.

రోజు 4. ఫోటోలు

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క ఒకటి ఉంటే దానిమీద పెట్టి తీశాం. కంటికి అద్భుతం, ఫోటోలో అధ్వానం. పాలిష్ పలకలో ఫోను, తీసేవాళ్ళ చేతులు, పైకప్పు రేకులు అన్నీ కనిపించాయి. రాతిలోని బంగారు చుక్కలేమో ఫోటోలో దుమ్ములా ఉన్నాయి. పలక పక్కన పెట్టి చార్టు కాగితాలకు మారాం.

చివరికి కుదిరిన అమరిక: ఉత్తరం వైపు వరండా, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య నీడ వెలుతురు, కుడిపక్కన అడుగు దూరంలో థర్మకోల్ అట్ట. ఫోనును చేత్తో పట్టుకోకుండా రెండు పుస్తకాల దొంతరల మధ్య ఆనించి, 2ఎక్స్ జూమ్‌లో తియ్యాలి. దగ్గరికి తీసుకెళ్ళి 1ఎక్స్‌లో తీస్తే గరిటె తల ఉబ్బి, పిడి సన్నబడి కనిపిస్తుంది. మొదటి ఫ్రేములో ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే, తర్వాత జింప్ అనే ఉచిత ఫోటో ప్రోగ్రాములో లెవెల్స్ తెరిచి ఆ తెలుపును చూపించి మొత్తం వరుసకు రంగు సరిచెయ్యొచ్చు. ఇది చెయ్యకపోతే ఒకే కర్రతో చేసిన ఆరు చెంచాలు ఆరు రంగుల్లో కనిపిస్తాయి.

ఫోను నుంచి కంప్యూటరుకు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదంటే కేబులు.

రోజు 5, 6. జాలీ కన్నాలు

వెనక భాగాన్ని తీసెయ్యడానికి రెమ్‌బీజీ అనే ఉచిత ప్రోగ్రాము. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా నడుస్తుంది. మొదటిసారి 170 ఎంబీ పైచిలుకు మోడల్ ఫైలు దింపుకుంటుంది, ఆ తర్వాత ఇంటర్నెట్ అక్కర్లేదు. సాదా గరిటెలు, పప్పుగుత్తి, అట్లకాడ అయితే ఒక్క దెబ్బకు శుభ్రంగా వచ్చాయి.

జాలీ పిడుల దగ్గరే రెండు రోజులు పోయాయి. ఇలాంటి మోడళ్ళు బొమ్మను కుదించి చూసి, వస్తువు అంచు ఎక్కడుందో ఊహిస్తాయి. చిన్న కన్నాలు ఆ కుదింపులో కనబడవు. దాంతో జాలీలోంచి తెల్ల చార్టు అలాగే ఉండిపోయింది, వెనక కొత్త దృశ్యం పెట్టగానే పిడికి సున్నం పూసినట్టుంది. దువ్వెన పళ్ళ మధ్య కూడా ఇదే గోల.

తొమ్మిది జాలీ రకాలకూ, నాలుగు దువ్వెనలకూ పద్ధతి మార్చాం. వెనక నీలం చార్టు. చెక్క ఎరుపు, పసుపు కలిసిన రంగు కాబట్టి నీలం దానికి ఎదురు రంగు. జింప్‌లో ‘సెలెక్ట్ బై కలర్’తో నీలం నొక్కి, థ్రెషోల్డు (ఎంత దగ్గరి రంగుల్ని కూడా పట్టాలన్న కొలత) 35 దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే కన్నాల్లోని నీలం కూడా పట్టుబడుతుంది. ఎంపికను ఒక పిక్సెల్ పెంచి తీసెయ్యాలి, లేకపోతే అంచున నీలి గీత మిగులుతుంది. ఇంకో తంటా: వస్తువును నేరుగా చార్టు మీద పెడితే నీలం వెలుతురు చెక్క మీద పడి కింది అంచు బూడిద రంగుకు తిరుగుతుంది. గాజు గ్లాసు బోర్లించి దాని మీద వస్తువును నాలుగు అంగుళాలు ఎత్తులో పెట్టాక అది పోయింది. గ్లాసు అంచును చేత్తో చెరిపెయ్యడానికి ఫోటోకు రెండు నిమిషాలు.

రోజు 8. ఆరు వెనక దృశ్యాలు చాలు

మొదట గరిటె ఫోటో ఎక్కించి, ‘వెనక మాత్రం మార్చు’ అన్నాం. ఇచ్చిన ఆదేశం అక్షరాలా ఇది: ‘ఈ ఫోటోలోని గరిటెను ముట్టుకోవద్దు. ఆకారం, చెక్కడం, రంగు, చెక్క గీతలు అలాగే ఉండాలి. వెనక పాత టేకు బల్ల, ఎడమవైపు నుంచి ఉదయపు ఎండ. ఇంకే వస్తువూ పెట్టవద్దు. అక్షరాలు వద్దు.’ చూడ్డానికి బాగానే వచ్చింది. అసలు ఫోటో పక్కన పెట్టి రెండు వందల శాతం పెద్దది చేసి చూస్తే పిడి మీది పువ్వుకు రేకులు మారాయి. ఎంత గట్టిగా చెప్పినా ఈ సాధనం బొమ్మ మొత్తాన్ని మళ్ళీ గీస్తుంది. వస్తువు ‘దాదాపు’ అలాగే ఉంటుంది. కేటలాగులో దాదాపుకు చోటు లేదు.

అందుకని ఖాళీ దృశ్యాలు మాత్రమే పుట్టించాం: టేకు బల్ల, అరటి ఆకు, మట్టి గోడ ముందు అరుగు, ముతక నేత గుడ్డ, ఇత్తడి పళ్ళెం అంచు కనిపించే వంటగది గట్టు, ఉదయగిరి కొండ. ఆరు దృశ్యాలు, ఒక్కోదానికి నాలుగేసి ప్రయత్నాలు, 24 బొమ్మలు, 84 రూపాయలు. కోసుకున్న గరిటెను పైన పెట్టుకోవడం మన పని. 672 కాస్తా 84 అయింది, వస్తువు మీద ఒక్క గీతా మారలేదు.

కొండ విషయంలో మాత్రం మాటలు పని చెయ్యలేదు. ఉదయగిరి దుర్గం అంటే రాజస్థాన్ కోట వచ్చింది, తూర్పు కనుమలంటే ఊటీ పచ్చదనం. ఊరి బయట నుంచి తీసిన కొండ ఫోటో ఎక్కించి, ‘ఇదే కొండ, ఇదే రాళ్ళు, ఇదే పొదలు, మసకగా, సాయంత్రపు వెలుతురులో’ అన్నాక రెండో ప్రయత్నంలో కుదిరింది. ఈ ప్రాంతపు చెట్టు, గోడ, పళ్ళెం ఏది కావాలన్నా ఒక ఫోటో చూపించి అడగడమే చవక.

అతికించినట్టు కనిపించకుండా ఉండాలంటే నీడ ముఖ్యం. గరిటె లేయరుకు నకలు తీసి, ముదురు గోధుమ రంగుతో నింపి (నలుపు వద్దు, మసిలా కనిపిస్తుంది), గాసియన్ బ్లర్ 25 పిక్సెళ్ళు, మల్టిప్లై మోడు, ఒపాసిటీ 40 శాతం. వెలుతురు ఎడమ నుంచి వస్తే నీడ కుడికి 15 పిక్సెళ్ళు, కిందికి 10. ఫోటోలో వెలుతురు ఏ పక్కనుంచి పడిందో దృశ్యం కూడా ఆ పక్కనుంచే వెలుగుతున్నట్టు అడగాలి. మూడు దృశ్యాల్లో దీన్ని మరిచిపోయి, బొమ్మను అడ్డంగా తిప్పి సరిపెట్టాం.

దృశ్యం 1024 చుక్కల చదరం. 300 డీపీఐలో, అంటే ప్రింటులో అంగుళానికి 300 చుక్కల లెక్కన, అది మూడున్నర అంగుళాలు కూడా రాదు. అప్‌స్కేల్ అనే ఉచిత ప్రోగ్రాముతో నాలుగింతలు పెంచాం. దృశ్యాన్ని మాత్రమే పెంచాలి. గరిటెను కూడా అందులో వేస్తే చెక్క గీతలు ప్లాస్టిక్ మీద అచ్చు వేసినట్టు నునుపవుతాయి.

రోజు 10, 11. మాటలు

తెలుగులో ఛాట్ వాడితే పరిమితి ఎందుకు త్వరగా అయిపోతుంది అన్నదానికి కారణం తెలిస్తే సగం పొదుపు అక్కడే. యంత్రం మాటల్ని టోకెన్లుగా ముక్కలు చేస్తుంది. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తు మూడు బైట్లు. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం, యంత్రానికి ఆరు గుర్తులు, 18 బైట్లు. 2024 మేలో జీపీటీ 4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపిన ఉదాహరణలో ఒకే తెలుగు పేరా పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్తదాంట్లో 45. అదే పేరా ఇంగ్లీషులో 24. అంటే ఇప్పటికీ మనది దాదాపు రెట్టింపు. పాత మోడల్‌ను చవక అని తీసుకుంటే తెలుగుకు అది ఖరీదే.

ఇంకో సంగతి: ఒకే ఛాట్‌లో అన్నీ అడుగుతూ పోతే ప్రతి కొత్త ప్రశ్నతోపాటు పాత మాటలన్నీ మళ్ళీ లోపలికి వెళతాయి. ఇరవయ్యో గరిటెకు వచ్చేసరికి మొదటి గరిటె కొలత దీనికి అంటిస్తుంది. అందుకే ఆరు రకాలకు ఒక కొత్త ఛాట్, ప్రతిదాని మొదట్లో అదే సూచన పత్రం అతికించడం. పత్రంలో ఉన్నవి: సంఘం గురించి మూడు వాక్యాలు, సరుకు పట్టిక (పేరు, పొడవు, కర్ర, వాడుక), రాయకూడని మాటలు, ‘పట్టికలో లేనిది రాయవద్దు, తెలియని చోట ఖాళీ వదులు’ అన్న గట్టి ఆదేశం, సంఘంవాళ్ళు కొనుగోలుదార్లకు నిజంగా పంపిన అయిదు వాట్సాప్ సందేశాలు, పేర్లు, నంబర్లు తీసేసి.

ఆ అయిదు సందేశాలే పని చేశాయి. అవి లేనప్పుడు వచ్చిన తెలుగు: ‘మా అద్భుతమైన హస్తకళాఖండంతో మీ వంటగది అనుభవాన్ని ఉన్నతీకరించండి.’ ఇలా ఏ గరిటెలమ్మే మనిషీ మాట్లాడదు. సందేశాలు చూపించాక: ‘పన్నెండు అంగుళాల గరిటె. నాన్‌స్టిక్ గిన్నెకు గీత పడదు. చెయ్యి కాలదు.’ ఇది చాలు. రాయకూడని మాటల జాబితాలో అద్భుతం, అనుభవం, ఉన్నతం, ప్రీమియం మొదట చేరాయి.

ఖాళీ వదలమన్న ఆదేశం లేని మొదటి విడతలో పట్టుబడ్డ కల్పనలు: లేని టేకు కర్ర, ‘డిష్‌వాషర్‌లో వెయ్యొచ్చు’ అన్న హామీ, ఒక సర్టిఫికెట్ నంబరు. చెక్క గరిటెను డిష్‌వాషర్‌లో వేస్తే వేడికీ నానడానికీ పగులుతుంది. ‘ఏ వంటనూనె అయినా రాయండి’ అన్న సలహా కూడా కొట్టేశాం. వేరుశనగ నూనె రాస్తే కొన్నాళ్ళకు జిగటపడి కమురు వాసన వస్తుంది. ఉదయగిరి చెక్క కట్లరీకి భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే కానీ, ఆ లోగో వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు ఉండాలి. ఛాట్ దాన్ని లేబులు మీద ఊరికే పెట్టేసింది, తీసేశాం. ధరలు, కూడికలు అసలు అడగలేదు, అవి షీట్‌లోనే.

ఆర్డర్ల పుస్తకం పేజీని ఫోటో తీసి ఎక్కిస్తే టైపు చేసి ఇస్తుంది. చేతిరాతలో 1, 7 కలిపేస్తుంది, కాబట్టి అంకెలన్నీ ఇద్దరు చదివి సరిచూడాలి. ఫోన్ నంబర్ల వరుస మీద కాగితం మూసి ఫోటో తియ్యాలి. ఛాట్‌జీపీటీ సెట్టింగుల్లో డేటా కంట్రోల్స్ కింద మన మాటలతో మోడల్‌ను మెరుగుపరచుకునే మీట ఉంటుంది, దాన్ని ఆపెయ్యాలి. గూగుల్ ఏఐ స్టూడియో ఉచిత వాడకంలో ఇచ్చినది కంపెనీ వాడుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. అక్కడ ఖాళీ దృశ్యాల పనికి మించి ఏదీ ఎక్కించలేదు.

రోజు 13. అక్షరాలు, ప్రింటు

బొమ్మల సాధనంతో తెలుగు అక్షరాలు రాయించకూడదు. ‘ఉదయగిరి’ ఒక్కోసారి సరిగానే వస్తుంది, అందులో వత్తు లేదు కదా. ‘నెల్లూరు’ అనగానే ల కింద ఏదో కన్నడంలాంటిది తగిలిస్తుంది. ‘చెక్క’కు వత్తు పక్కకు జారింది. అక్షరాలన్నీ ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైను ప్రోగ్రాములో వేశాం. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితం. పేర్లకు రామభద్ర, వివరానికి మండలి, ధరకు ఎన్టీఆర్ తీసుకున్నాం. లేబులు 300 డీపీఐలో 900×600 చుక్కలు. కోతకు అన్నివైపులా మూడు మిల్లీమీటర్లు, అంటే 35 చుక్కలు అదనం. తయారీదారు పేరు, చిరునామా, నెల, ఏడాది, గరిష్ఠ ధర, ఎన్ని ఉన్నాయో, ఫిర్యాదుకు నంబరు లేబులు మీద ఉండాలి. ఈ జాబితా చూసుకోకుండా అందం కోసం చోటు వదలొద్దు.

నెల్లూరులో ఫ్లెక్సీ వేసే చోట మొదటి మాట ‘అక్కా, అనూలో ఉందా?’ అనే. డీటీపీవాళ్ళు యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్, కోరల్ వాడతారు. మన యూనికోడ్ మాటల్ని అక్కడ అతికిస్తే గజిబిజి అవుతుంది. వాళ్ళు మళ్ళీ టైపు చేస్తే కొత్త తప్పులు. మందు ఒకటే: ఇంక్‌స్కేప్‌లో అన్నీ ఎంచుకుని ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కి, అక్షరాల్ని గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వడం. మార్చే ముందు అసలు ఫైలుకు నకలు దాచాలి, ధర మారితే గీతల్ని దిద్దలేం. ఫోటోషాప్‌లో చేసేవాళ్ళు టైపు సెట్టింగుల్లో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ లేదా ‘వరల్డ్ రెడీ లేఔట్’ ఎంచకపోతే వత్తులు విడిపోతాయి.

6×3 ఫ్లెక్సీకి 72 డీపీఐ చాలు: 5184×2592. తెరమీద మెరిసిన ఆకుపచ్చ అరటి ఆకు ప్రింటులో ముదురు రంగుకు దిగింది. సియాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాల్లో ఆ మెరుపు లేదు. ఫ్లెక్సీకి అరటి ఆకు మానేసి నేత గుడ్డ దృశ్యం పెట్టాం.

రోజు 15. సొంత కంప్యూటరు సంగతి

ఉచితంగా ఇంట్లోనే నడుపుదామని స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 అనే బొమ్మల మోడల్ వేసి చూశాం. 4 జీబీ కార్డు మీద నడుస్తుంది. జీటీఎక్స్ 16 వరుస కార్డయితే నల్ల బొమ్మ వస్తుంది. అప్పుడు ‘ప్రెసిషన్ ఫుల్’, ‘నో హాఫ్’ ఆప్షన్లు పెట్టాలి, దాంతో మెమొరీ రెట్టింపు పడుతుంది. బొమ్మ 512 చదరం దాటించకూడదు, ఆ కొలతతోనే నేర్పారు కాబట్టి పెద్దది అడిగితే ఒకే వస్తువు రెండుసార్లు వస్తుంది. తెలుగులో అడిగితే ఏమీ అర్థం కాదు, దాని మాటల భాగం ఇంగ్లీషుతో తయారైంది, అదీ ఒకేసారి చూసేది 75 టోకెన్లే. స్టెప్స్ (ఎన్ని విడతల్లో గీయాలో) 25, సీఎఫ్‌జీ (మన మాటకు ఎంత కట్టుబడాలో) 7 పెట్టి, నచ్చిన బొమ్మ సీడ్ నంబరు (అదే బొమ్మను మళ్ళీ రప్పించే అంకె) రాసి ఉంచుకుంటే మట్టి గోడ, గుడ్డలాంటి అల్లికలు పనికొచ్చే స్థాయిలో వచ్చాయి. ఇంటర్నెట్‌లో కంప్యూటరు అరువిచ్చే గూగుల్ కొలాబ్ ఉచిత ఖాతాలో దీని వెబ్ యూఐని (బ్రౌజరులో తెరుచుకునే రూపాన్ని) నడపనివ్వరు. అలాంటిదే అయిన కాగల్‌లో వారానికి 30 గంటల జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం దొరుకుతుంది, దానికి ఫోన్ నంబరు ధ్రువీకరణ కావాలి.

ఛాట్‌కు ఒల్లామాలో (మోడళ్ళను సొంత కంప్యూటరులో నడిపే ఉచిత ప్రోగ్రాము) గూగుల్ గెమ్మా 3 నాలుగు బిలియన్ల మోడల్, మూడు జీబీ పైచిలుకు. తెలుగు అర్థం చేసుకుంటుంది, రాయడంలో తడబడుతుంది. కొనుగోలుదార్ల సందేశాల్ని ‘ధర అడిగారు, కొలత అడిగారు, ఫిర్యాదు’ అని వేరు చెయ్యడానికి పెట్టాం. బయటికి పోకూడని సమాచారం కాబట్టి ఆ పనికి ఇదే తగినది. సందర్భం (ఒకేసారి గుర్తుంచుకోగల మేర) 4096 టోకెన్లకు ఉంటే తెలుగు సందేశాలు త్వరగా నిండి, మొదటివి జారిపోతాయి. పదేసి చొప్పున ఇవ్వాలి.

రోజు 19. నిలిచిన లెక్క

దృశ్యాలకు 84, కొండకు, ఫ్లెక్సీకి అదనంగా పదకొండు బొమ్మలు 39, పన్నుతో కలిపి 145 రూపాయలు. ఛాట్ ఆఫరు ఖాతాలో సున్నా. ఆఫరు లేకపోయుంటే 399 కలిసి 544 అయ్యేది, అప్పుడు దృశ్యాల్లో మూడు తగ్గించి, గోడనూ గుడ్డనూ బల్లనూ సొంత కంప్యూటరులో చెయ్యాల్సి వచ్చేది.

మిగిలినవి: దువ్వెనలు రెండింటికి నీలి గీత ఇంకా ఉంది, మళ్ళీ తియ్యాలి. పదిలో మూడు సిద్ధ జవాబులు సంఘంవాళ్ళకు నచ్చలేదు, ‘మీరు’ బదులు ‘మీరండీ’ ధోరణి కావాలన్నారు. కేటలాగు పీడీఎఫ్ 41 ఎంబీ ఉంది, వాట్సాప్‌లో దింపుకోవడానికి బరువు. 150 డీపీఐకి దించిన రెండో ప్రతి 6 ఎంబీ వచ్చింది, అది ఫోన్లకు, పెద్దది ప్రింటుకు.